ఏడవనివాళ్ళ పేర్లు

జ్యోత్స్న టీచర్ ఏడవదు. గిట్టక చెబుతున్న మాట కాదు ఇది. సూర్యాపేటలో ఇరవై రెండేళ్ళుగా వాళ్ళింటికి పాలు పోస్తున్నాను, మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఉల్లిగడ్డ కోసినా ఆమె కంట తడి రాదు. ఏడవకపోతే పోనీ, ఊరుకోవచ్చు కదా. ఎక్కడ చావు జరిగినా వెళ్తుంది. వెళ్ళి, ఏడవని మనిషిని ఇంగ్లీషులో ఏమంటారో ఒక మాట చెబుతుంది. ఆ మాట ఏ దేశంలో పుట్టిందో, ఎందుకు పుట్టిందో చెబుతుంది. రెండు చాయలు తాగి వస్తుంది. ఇటు కోదాడ నుంచి అటు మిర్యాలగూడ దాకా ఆమె చాయ తాగని చావిల్లు లేదు.

ఆమె పోట్లాడి గెలవడం నేను చూసింది ఆమె భర్త మధుసూదన్ సారు పోయిన రోజున. ఆయన సొంతూరు కోదాడ. శవం అక్కడ వాళ్ళ అన్న ఇంట్లో ఉంది. గేటుకు కట్టడానికి ఫ్లెక్సీ కావాలంటే, టీచర్ నన్ను వెంటబెట్టుకుని తానే షాపుకు వచ్చింది. షాపతని పేరు క్రాంతి. అప్పటికే తయారుచేసి కంప్యూటర్‌లో చూపించాడు. పైన పెద్ద అక్షరాలతో ‘కన్నీటి నివాళి’, నడుమ సారు ఫొటో, రెండు పక్కలా రెండు కళ్ళు, వాటి నుంచి కారుతున్న చుక్కలు.

“ఆ కన్నీటి తీసెయ్యండి,” అన్నది టీచర్.

“అందరికీ ఇదే పెడతామండి మేడం గారూ.”

“అందరూ ఏడ్చి ఉంటరు. నేను ఏడ్వలేదు.”

“తర్వాత ఏడుస్తారు కదండీ. ఫ్లెక్సీ పదిరోజులు ఉంటది.”

“ఏడిస్తే అప్పుడొచ్చి రాయించుకుంట. ఆ చుక్కలు గూడ తియ్యండి.”

“అవి డిజైన్‌తో పాటే వస్తాయండి.”

“ఎవరి కండ్లవి?”

క్రాంతి ఆ కళ్ళ వైపు కాసేపు చూశాడు. “ఎవరివో తెలీదండి. నెట్‌లోవి.”

“ముక్కూ మొహం తెలియని మనిషి మా ఆయన కోసం ఎందుకు ఏడుస్తున్నది?”

వెనకాలే వచ్చిన సారు తమ్ముడు, “వదినా, జనం ఏమనుకుంటరు,” అని గొణిగాడు. “జనం మట్టి వెయ్యడానికి వస్తున్నరా, చదవడానికి వస్తున్నరా?” అన్నది. చుక్కలు పోయాయి, కళ్ళూ పోయాయి. మరి ఏం రాయమంటారండీ అని అడిగితే, “మధుసూదన్. మంచివాడు. గురక పెట్టేవాడు,” అని రాయించింది. అదే కట్టారు. ఆ రోజు వీధి మొదట్నుంచే ఏడుస్తూ వచ్చినవాళ్ళందరూ గేటు దగ్గర ఆగి, ఆఖరి మాట చదివి, ఏడుపు మింగి లోపలికి వచ్చారు.

ఇక్కడ నా సంగతి కూడా కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. నేను చదివింది మూడో తరగతి. శోకం పెట్టడంలో మాత్రం నన్ను మించినవాళ్ళను నేను చూడలేదు. ఆడవాళ్ళం చుట్టూ కూర్చుని, పోయినవాళ్ళను వరస పెట్టి పిలుస్తూ, వాళ్ళ మంచీ చెడూ తలుచుకుంటూ రాగం తీసి ఏడవడమే శోకం. గొర్లు మేపే మా కులంలో దానికో కట్టుబాటు ఉంది. శోకంలో వచ్చిన మాటకు ఎవరూ ఎదురు చెప్పకూడదు. అది మనిషి అన్న మాట కాదు, దుఃఖం అన్న మాట. బతికున్న రోజుల్లో అనలేనివి చాలామంది శోకంలోనే అంటారు. నేను కూడా అన్నాను.

అలాంటి నాకు అలాంటి మనిషి పొరుగున దొరికింది. మధుసూదన్ సారు కోసం నేను గొంతు పోయేలా ఏడ్చి, మూడురోజులు మాట రాక కషాయం తాగుతుంటే, ఆమె గోడ మీదుగా తొంగిచూసి, “లచ్చమ్మక్కా, స్టోయిక్ అంటే తెలుసా?” అన్నది.

తెలియదని చేత్తో సైగ చేశాను.

“దుఃఖమొచ్చినా సుఖమొచ్చినా కదలని మనిషి. గ్రీకు దేశంల ఒక వసారా ఉండేది. దాన్ని వాళ్ళ భాషల స్టోవా అంటరు. అక్కడ ఒక పెద్దాయన కూసోని మనసు గట్టిగ ఉంచుకోవాలని పాఠం చెప్పేటోడట. ఆ వసారా పేరే వాళ్ళకు పేరైంది.”

గొంతు పోయినా ఈ మాటకు జవాబు చెప్పక తప్పలేదు. “మా దిక్కు అరుగు మీద కూసునేటోళ్ళను సోమరిపోతులంటరు,” అన్నాను.

అది మొదలు. మా బర్రెకు పుట్టిన దూడ చచ్చిపోయింది. నేను దాని మీద పడి ఏడుస్తుంటే, బర్రె మాత్రం అవతల గడ్డి మేస్తోంది. టీచర్ వచ్చి బర్రెను చూసి, “ఇది నాన్‌షలాంట్,” అన్నది. “ఫ్రెంచి మాట. వేడెక్కనిది అని. దేనికీ లోపల వెచ్చబడనోళ్ళను అట్ల అంటరు.” ఆ మాట నాకు నచ్చింది. ఇప్పటికీ ఆ బర్రె తన్నినప్పుడల్లా దాన్ని ఆ పేరుతోనే తిడతాను.

ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక ఆమెకు పట్టపగ్గాలు లేవు. కండక్టర్ ముఖంలో ఈగ వాలినంత కదలిక కూడా లేకుండా జీరో టికెట్ చింపి ఇస్తే, అతను నాలుగు సీట్లు దాటాక నా చెవిలో, “డెడ్‌పాన్,” అన్నది. “అమెరికా మాట. పాన్ అంటే వాళ్ళ బజారు భాషల మొఖం. సచ్చిన మొఖం అని.” టికెట్ ఇచ్చినోణ్ణి అట్ల అనవచ్చునా అన్నాను. “అది తిట్టు కాదక్కా, పేరు,” అన్నది.

ఒకసారి అడిగాను. “ఏడ్వనోళ్ళకు ఇంగ్లీషోళ్ళు గిన్ని పేర్లు ఎందుకు పెట్టిన్రు?”

“వాళ్ళు పెట్టినవి తక్కువే. రెండు గ్రీకోళ్ళవి, ఒకటి రోమోళ్ళది, రెండు ఫ్రాన్సోళ్ళవి.”

“అంటే ఏడ్వకుండ ఉండుడు గూడ బదులు తెచ్చుకున్నరా?”

“అంతే అనుకో,” అన్నది. నవ్వలేదు. నవ్వడం కూడా ఆమెకు చేతకాదు.

ఇవి ఇంటి దగ్గరి ముచ్చట్లు. చావిళ్ళలో మాత్రం ఆమెతో నాకు తల తీసేసినట్టు ఉండేది. మోతె దగ్గర తండాలో హేమ్లా అని ఉన్నాడు, మా బర్రెలకు గడ్డి వేస్తాడు. పెళ్ళికెదిగిన కొడుకు మోటారు దగ్గర కరెంటు షాక్ కొట్టి పోయాడు. మేం వెళ్ళేసరికి తండాకు తండా ఏడుస్తోంది. హేమ్లా ఒక్కడే మంచం కోడు పట్టుకుని, గోడ చూస్తూ కూర్చున్నాడు. నేను ఆడవాళ్ళలో కలిసి శోకం అందుకున్నాను. టీచర్ నేరుగా పోయి హేమ్లా పక్కన కూర్చుంది.

“హేమ్లా, నీ చెయ్యి ఇటు ఇయ్యి,” అన్నది. అతను ఇచ్చాడు. అరచెయ్యి తిప్పి, కాయలు కాచిన చోట వేలు పెట్టింది. “దీన్ని రోమోళ్ళ భాషల కాలమ్ అంటరు. దీంట్లకెల్లి ఇంగ్లీషుల కాలస్ అనే మాట వచ్చింది. మనసు గట్టిపడ్డోళ్ళు అని. కానీ సూడు, ఇది ఊరికే రాదు. గొడ్డలి పట్టి పట్టి, తోలు ఊడి ఊడి, ఆఖర్న వస్తది.”

నేను శోకం మధ్యలో ఆగిపోయాను. అందరూ ఆగిపోయారు. “ఈమె ఎవరు, సావుకాడ చేతులు సూస్తున్నది?” అన్నది ఒకామె. “చిలక జోస్యమా?” అన్నాడొకాయన. వాళ్ళు అలా అంటుండగానే ఆమె తల తిప్పి, “జర చాయ ఉంటే ఇయ్యమ్మా. చక్కెర తక్కువ,” అన్నది. ఆ పూట తండాలో ఎవరి నోట విన్నా ఆమె మాటే. కొడుకు పోతే కంట చుక్క రాలని తండ్రి మాట ఒక్కరూ ఎత్తలేదు. అప్పుడు నాకు ఆ సంగతి తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోతూ, ఆమెను రెక్క పట్టి బస్సెక్కించాను.

తట్టడానికి మా ఇంట్లోనే చావు రావలసి వచ్చింది.

నా చెల్లెలు నాంచారమ్మది మాడుగులపల్లి. దాని ఒక్కగానొక్క కొడుకు గణేష్, లారీ డ్రైవరు. మఠంపల్లి వైపు నుంచి సిమెంటు లోడుతో వస్తుంటే లారీ బోల్తా పడింది. బస్తాల కింద నుంచి తీశారు. బట్టలో చుట్టి తెచ్చారు, ముఖం ఎవరికీ చూపించలేదు. భార్య నాగరాణికి ఇరవై ఆరేళ్ళు. నాలుగేళ్ళ పాప అఖిల.

నాగరాణి ఏడవలేదు. శవం దించినప్పుడు ఏడవలేదు, లేపినప్పుడు ఏడవలేదు. ఒక్కో ఊరి చుట్టాలూ వీధి మొదట్లో శోకం ఎత్తుకుని వచ్చి ఆమె మెడ మీద పడుతుంటే, గుంజను పట్టుకుంటే గుంజ ఎలా ఉంటుందో అలా ఉంది. ముఖం చూపించని కొడుకు కోసం నా చెల్లెలు నేల గుద్దుకుంటోంది. నాకు కడుపు మండిపోయింది. శోకంలో అనేశాను:

“బండెక్కి పోతివి కొడుకా, బట్టల మూటవైతివి కొడుకా,
నీకు ఏడ్వని పెండ్లాం దొరికె కొడుకా, ఎండిన కండ్లది దొరికె కొడుకా.”

అంతే. నిప్పు పెట్టి ఇంటికి వచ్చినట్టయింది. మరునాటికి ఊరంతా ఆ మాటే. ఆ పిల్లకు ముందే ఎవడో ఉన్నాడన్నారు. మొగుడంటే పడేదే కాదన్నారు. మూడోనాడు పొద్దున ఆ పిల్ల లేచి, దొడ్లోకి పోయి గొర్రెలకు నీళ్ళు పెట్టింది. ఇంకేముంది. నాంచారమ్మ, దాని మొగుడు కొమురయ్య, కులపెద్దలూ కూర్చుని తేల్చేశారు. పదకొండోనాడు పెద్దదినం కాగానే నాగరాణిని పుట్టింటివాళ్ళు మఠంపల్లి తీసుకుపోవాలి. పాప మాత్రం ఇక్కడే ఉంటుంది.

“నా కొడుకు మొఖం నేను సూడలేదక్కా,” అన్నది నాంచారమ్మ నాతో. “ఆ పిల్లది వాని మొఖమే. అదన్నా నాకు ఉండాలె. ఏడ్వనిదానికి అదెందుకు?”

నాగరాణికి ఈ మాట చెబితే పాపను ఒళ్ళోకి లాక్కుంది తప్ప నోరు తెరవలేదు. శోకంలో పెద్దత్త అన్న మాట అది. దానికి ఎదురు ఎలా చెబుతుంది?

అయిదోనాడు జ్యోత్స్న టీచర్ దిగింది. వెనకటికి మఠంపల్లి బడిలో పనిచేసినప్పుడు నాగరాణికి ఆమే ఇంగ్లీషు చెప్పిందట. సూర్యాపేటలో ఒక బస్సు, మిర్యాలగూడలో దిగి ఆటో. పొద్దున వచ్చి సాయంత్రం పోవడం. రోజూ వచ్చింది. రోజూ నాగరాణి పక్కనే చాప మీద కూర్చుని గ్రీకు దేశం గురించి, రోము గురించి చెప్పింది. పరామర్శకు వచ్చినవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు. “ఈమెకు మతి సక్కగ లేదు,” అనుకున్నారు. చాయ అడిగింది. మళ్ళీ అడిగింది. “ఏం మనిషి, సావింట్ల బిస్కెట్లు గూడ అడుగుతున్నది,” అని ఒకామె నాతోనే అన్నది. ఆ మనిషి నాకు తెలియనట్టే తలకాయ దించుకున్నాను.

ఆరోనాడు ఆమె నన్ను గొర్రెల దొడ్డి దగ్గరకు పిలిచింది.

“ఏడ్వని పెండ్లాం అన్నది నువ్వేనా?”

“శోకంల వచ్చింది.”

“ఎవరి నోట్లకెల్లి వచ్చింది?”

“నా నోట్లకెల్లే. అయితే ఏంది? ఏడ్వలేదు కాబట్టి ఏడ్వలేదన్న.”

“మా ఆయన పోతే నేను గూడ ఏడ్వలేదు. నాకెందుకు పాలు పోస్తున్నవ్?”

“పాలు వేరు టీచరమ్మా. మొగుడు పోయిన మూడోనాడు ఇది గొర్లకు నీళ్ళు పెట్టింది. ఎవరన్న పెడ్తరా?”

“ఎన్ని గొర్లు?”

“నలభై రెండు.”

“రెండొద్దులు నీళ్ళు లేవు వాటికి. ఇంట్ల ఏడ్చేటోళ్ళు ఎంతమంది ఉంటిరి?”

“ఓ ముప్పై మంది.”

“ముప్పై మందిల ఒక్కరికి యాదికి రాలేదా?”

నేను పశువులున్న మనిషిని. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆ మొదటి రెండు రోజులూ గొర్రెలు అరుస్తూనే ఉన్నాయి. నా శోకానికి అవి అడ్డమొస్తున్నాయని గొంతు ఇంకా పెంచాను నేను.

“శోకంల అన్నది శోకంలనే ఎనుకకు తీసుకో,” అన్నది టీచర్. “పెద్దదినం నాడు.”

“అట్ల తీసుకున్నోళ్ళు లేరు. నా తలకాయ పోతది.”

“ఆ పిల్లకు పాప పోతది.”

“ఏమని తియ్యాలె? ఏడ్చిందని అబద్ధం పాడాల్నా?”

“అబద్ధమెందుకు. ఏడ్వలేదనే పాడు. ఎందుకు ఏడ్వలేదో గూడ పాడు.”

ఇంక చూడండి నా అవస్థ. డెబ్భై రెండేళ్ళ వయసులో, గొర్రెల దొడ్లో, ఎంట్రుకల, పెంటికల మధ్య నాకు ఇంగ్లీషు చదువు మొదలైంది. స్టోయిక్ పెట్టమన్నది. అరుగు మీద కూర్చున్నవాళ్ళు శోకంలో నిలవరన్నాను. నాన్‌షలాంట్ అన్నది. అది మా బర్రెకు ఇచ్చేశాం కదా అన్నాను. సాంగ్‌ఫ్రా అన్నది, ఫ్రెంచిలో చల్లటి నెత్తురు అని. నెత్తురు మాట ఎత్తితే నా చెల్లెలు అక్కడికక్కడే పడిపోతుందన్నాను. ఆఖరుకు, “సరే, ఫ్లెగ్మాటిక్,” అన్నది. “ఒంట్ల కఫం ఎక్కువుంటే మనిషి చల్లగ, కదలకుండ ఉంటడని ఎనుకటి వైద్యులు అనుకునేటోళ్ళు. దాంట్లకెల్లి వచ్చింది.”

“ఛీ. పెద్దదినం నాడు కఫం మీద పాడాల్నా?”

“ఆగు. ఆ కఫం అనే మాట దేంట్లకెల్లి పుట్టిందో విను. ఫ్లెగైన్ అనే గ్రీకు మాటలకెల్లి. ఫ్లెగైన్ అంటే కాలుడు, మండుడు.”

“చల్లటోళ్ళకు మంట పేరెందుకు పెట్టిన్రు?”

“లోపల మంట ఉంటేనే అది పుడతదని అనుకున్నరు. అందుకని.”

ఆ మాటను నేను నోట్లోనే రాగం కట్టి చూసుకున్నాను.

పదకొండోనాడు నాగరాణి అన్న భాస్కర్ ఆటో మాట్లాడుకుని వచ్చాడు. నాంచారమ్మ కోడలి బట్టలు బ్యాగులో సర్ది గుమ్మం పక్కన పెట్టింది. పాప నాంచారమ్మ ఒళ్ళోనే ఉంది. నాగరాణి గోడకు ఆనుకుని పాప వైపే చూస్తోంది, రెప్ప వేస్తే పాప మాయమవుతుందన్నట్టు. టీచర్ ఆమె పక్కనే ఉంది. కులపెద్దలు వాకిట్లో మంచాల మీద కూర్చున్నారు. ఫొటోకు దండ వేయగానే నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎత్తుకున్నాను.

“నేనన్న మాట నా నోట్లనె మన్ను గావాలె కొడుకా,
ఏడ్వని పెండ్లామంటి కొడుకా, ఎండిన కండ్లంటి కొడుకా,
మేము ముప్పై మందిమి ఏడిస్తిమి కొడుకా, మూగజీవాల మరిస్తిమి కొడుకా,
కడుపుల కాలేదానికి కండ్ల నీళ్ళు నిలుస్తయా కొడుకా,
దూరదేశమోళ్ళకు దీని సంగతి ఎరుకె కొడుకా,
ఫ్లెగ్మాటిక్కని పేరు వెట్టిరి కొడుకా, మంటల పుట్టిన మాటని చెప్పిరి కొడుకా.”

నాతో పాటు రాగం కలిపే ఆడవాళ్ళు ఆ ఇంగ్లీషు మాట దగ్గర తడబడ్డారు. ఒకామె మాత్రం కళ్ళు మూసుకుని, “ఫ్లెగుమాటికు కొడుకా,” అని భక్తిగా అందుకుంది.

“అక్కా, ఏందది?” అన్నది నాంచారమ్మ.

“శోకంల వచ్చింది. ఎదురు అడుగద్దు,” అన్నాడు కొమురయ్య. కానీ ఆయనకే మనసొప్పలేదు. కాసేపాగి, “టీచరమ్మా, మీరు చెప్పున్రి. ఏందది?” అన్నాడు.

ఆమె చెప్పింది. నాలుగు ముక్కల్లో, బడిలో చెప్పినట్టే చెప్పింది. కఫమూ చెప్పింది, మంటా చెప్పింది. ఒక కులపెద్ద తలపాగా సర్దుకుని, “మన ఇంటి సంగతి గ్రీకు దేశపోళ్ళకు ఎట్ల తెలిసిందమ్మా?” అని అడిగాడు.

“వాళ్ళ ఇండ్లల్ల గూడ అత్తలుంటరు కదా,” అన్నది.

ఎవరూ నవ్వలేదు, ఆమె నవ్వలేదు కాబట్టి.

“శోకంల అన్న మాట తీసుకున్నోళ్ళు ఇప్పటిదాక లేరు,” అన్నాడు ఇంకో పెద్ద.

“ఇప్పుడున్నరు,” అన్నాను. “నేనున్న. నా మాట మీద పిల్లను ఆపితిరి. ఆ మాట లేదు ఇగ. ఇంకేం పట్టుకోని ఆపుతరో ఆపున్రి.”

కొమురయ్య నేల చూశాడు. కొడుకును పోగొట్టుకున్నాక ఆ మనిషి వీపు వంగింది. లేచి, నాంచారమ్మ ముందు నిలబడి, “పిల్లను తల్లికియ్యి,” అన్నాడు.

నా చెల్లెలు వెంటనే ఇవ్వలేదు. పాప ముఖాన్ని రెండు చేతుల్లో పట్టుకుని చూసింది, అక్కడ ఇద్దరి ముఖాలు ఉన్నట్టు చూసింది. “ఇగ నాకు సూసుకోనికి ఏముంటది?” అన్నది. దానికి ఏ భాషలోనూ మాట లేదు.

అప్పుడు పదకొండు రోజులకు నాగరాణి నోరు విప్పింది. “నేను పోతనని అన్ననా అత్తమ్మా? బ్యాగు సర్దింది మీరు.”

పాప తనంతట తానే తల్లి దగ్గరకు నడిచి వచ్చింది. నాగరాణి దాన్ని చంకనేసుకుని గుమ్మం దగ్గరకు వచ్చి, కాలితో బ్యాగును లోపలికి జరిపింది. “జర జరుగున్రి. గొర్లకు నీళ్ళు పెట్టాలె,” అన్నది. భాస్కర్ అన్నం తిని ఖాళీ ఆటోలో వెళ్ళిపోయాడు.

నాగరాణి ఆ రోజు కూడా ఏడవలేదు. ఇప్పటికీ ఏడ్చినట్టు నేను వినలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని వేళ్ళు మడిచాను. మోతెలో హేమ్లా. కోదాడలో కూతురు పోయిన దర్జీ ఆమె. మిర్యాలగూడలో తల్లి శవం దగ్గర ఫోను పట్టుకుని కూర్చున్న రచన, ఆమెను అందరూ మర్లబడి తిట్టబోయారు. ఇప్పుడు నాగరాణి. ఇన్నేళ్ళలో జ్యోత్స్న టీచర్ ఒక్కసారి కూడా ఏడ్చేవాళ్ళ పక్కన కూర్చోలేదు. ఏడవనివాళ్ళు ఎక్కడుంటే అక్కడికే పోయింది. పోయి, గ్రీకు దేశమనీ చాయలనీ బిస్కెట్లనీ ఊరి నోరంతా తన మీదకు తెచ్చుకుంది. నాలాంటి నోళ్ళన్నీ.

“నువ్వు ఎప్పుడు సూసినా ఏడ్వనోళ్ళ పక్కనే ఎందుకు కూసుంటవ్?” అని అడిగాను.

“అక్కడ చోటు ఖాళీగ ఉంటది కదా,” అన్నది, కళ్ళు మూసుకునే.

ఆ వారమే ఆమెకు ఆయాసం వచ్చింది. సూర్యాపేటలో దవాఖానకు తీసుకెళ్ళాను. ఫొటోలు తీసి, గుండె పెద్దదయిందని చెప్పాడు డాక్టరు. ఆ మాట తండాలోనో మాడుగులపల్లిలోనో చెబితే నమ్మేవాళ్ళు ఒక్కరూ దొరకరు. బస్సులు ఎక్కొద్దన్నాడు, మెట్లు ఎక్కొద్దన్నాడు, ఎక్కువ బాధపడొద్దన్నాడు. “ఆ చివరిది నాకు అలవాటే,” అన్నది టీచర్. డాక్టరు ఆమె ముఖం చూసి, మందులు రాసుకుంటూ పోయాడు.

మొన్న పాలు పోయడానికి వెళ్తే, మంచం మీద కూర్చుని ఉంది. ముఖం బూడిద రంగులోకి దిగింది. గిన్నె అందుకోకుండా, “అక్కా, ఒక పని చేసిపెట్టాలె,” అన్నది. అప్పగింతలు పెడుతుందేమోనని తలుపు పట్టుకున్నాను.

“జూన్‌ల అఖిలను బడిల వేస్తరట.”

“వేస్తరు.”

“ఊరు ఊరే. ఎవరో ఒకరు తొవ్వల ఆ పిల్లను ఆపి, మీ నాయిన పోతే మీ అమ్మ ఏడ్వలేదట గదనే అంటరు. అంటరా, అనరా?”

అబద్ధం చెప్పడం ఎందుకని, “అంటరు,” అన్నాను.

“నేను పోలేను. నువ్వు నెలకు రెండుసార్లు పోయి రా. అట్ల ఎవరన్న అన్నరని తెలిస్తే, వాళ్ళ ఇంటి ముంగట నిలబడి తిట్టాలె.”

“ఇంగ్లీషులనా?”

“దీనికి ఇంగ్లీషు సరిపోదు. నీకొచ్చినయే తిట్టు.”

ఇరవై రెండేళ్ళలో ఆమె నా చదువును మెచ్చుకున్నది అదే మొదటిసారి. అందుకని పని వివరంగా తెలుసుకోవాలనిపించింది. “ఎంతసేపు తిట్టాలె?” అని అడిగాను.

“వాళ్ళు ఏడ్చేదాక,” అన్నది జ్యోత్స్న టీచర్.